మూలుగ దానం: మనవారి కోసం మనవారే ముందుకు రావాలి

చిత్తూరు, తిరుపతి, నెల్లూరు జిల్లాల దక్షిణపు అంచున నివసించే వారికి పెద్ద జబ్బు చేస్తే దారి తమిళనాడు వైపే సాగుతుంది. చిత్తూరు వారికి వేలూరు దగ్గర. నగరి, పుత్తూరు, సత్యవేడు వారు చెన్నై బస్సు ఎక్కుతారు. సూళ్లూరుపేట నుండి చెన్నైకి లోకల్ రైళ్ళే నడుస్తున్నాయి. ఆ రెండు నగరాల పెద్దాసుపత్రుల వరండాలలో తెలుగు మాట వినపడని రోజు ఉండదు. అలా వెళ్ళిన రోగులలో కొందరికి పరీక్షలన్నీ ముగిసిన తరువాత వైద్యులు ఒక మాట చెబుతారు: మందులతో మాత్రమే లాభం లేదు, మూలుగ మార్పిడి చేయవలసి ఉంటుంది. ఆ వెంటనే ఒక ప్రశ్న వేస్తారు: రోగికి సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఎందరు?

ఆ ప్రశ్నకు అనుకూలమైన జవాబు లేనప్పుడు కుటుంబం ముందు కొత్త అన్వేషణ నిలుస్తుంది. తమకు ఏమాత్రం తెలియని ఒక మనిషి కోసం వెతకాలి. ఆ మనిషి ఎక్కడున్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలియదు. అయితే అతడు ఏ జనసమూహంలో ఉండే అవకాశం ఎక్కువో శాస్త్రం చెప్పగలదు. ఆ సంగతి తెలుగువారందరూ, ముఖ్యంగా సరిహద్దుకు ఇరువైపులా ఉన్న తెలుగు యువత, తెలుసుకోవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.

మూలుగ చేసే పని

ఎముకల లోపల, ప్రత్యేకించి తుంటి ఎముకలో, రొమ్ము ఎముకలో, వెన్నుపూసలలో ఉండే మెత్తని పదార్థమే మూలుగ. దీనినే మజ్జ అని కూడా అంటారు. శరీరంలోని రక్తమంతా ఇక్కడే తయారవుతుంది. ప్రాణవాయువును మోసే ఎర్ర కణాలు, రోగాలతో పోరాడే తెల్ల కణాలు, గాయమైనప్పుడు రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు అన్నీ మూలుగలోని కొద్దిపాటి మూలకణాల నుండి పుట్టుకొస్తాయి. ఆ మూలకణాలు చెడిపోతే రక్తమే చెడిపోతుంది. రక్త క్యాన్సర్, మూలుగ ఎండిపోయే ఎప్లాస్టిక్ ఎనీమియా, పుట్టుకతో వచ్చే తలసీమియా, సికిల్ సెల్ వ్యాధి, కొన్ని రకాల రోగనిరోధక లోపాలు ఈ కోవకు చెందినవి.

ఇటువంటి వారిలో చాలామందికి చెడిన మూలకణాలను శక్తివంతమైన మందులతోనో, రేడియేషన్‌తోనో నిర్మూలించి, ఆరోగ్యవంతుని మూలకణాలను రక్తంలోకి ఎక్కిస్తారు. అవి తమంతట తాము ఎముకలలోకి చేరి, రెండు మూడు వారాలలో కొత్త రక్తాన్ని తయారు చేయడం మొదలుపెడతాయి. చూడడానికి ఇది రక్తం ఎక్కించినట్లే ఉంటుంది. ఈ చికిత్సకు బాట వేసిన అమెరికా వైద్యుడు ఇ. డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి లభించింది. మన దేశంలో తొలి మూలుగ మార్పిడి 1983లో ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో డాక్టర్ సురేశ్ అద్వానీ చేతుల మీదుగా జరిగింది. 1986లో వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రిలో డాక్టర్ మామ్మెన్ చాండీ ఈ చికిత్సకు శ్రీకారం చుట్టారు. 1990లలో చెన్నైలోనూ ఇది అందుబాటులోకి వచ్చింది.

సరిపోలవలసినది రక్తపు గ్రూపు కాదు

రక్తదానం వలె ఇందులోనూ గ్రూపు కలిస్తే చాలునని పలువురు భావిస్తారు. అది సరికాదు. దాతకు ఓ పాజిటివ్, రోగికి బి పాజిటివ్ అయినా మార్పిడి చేయవచ్చు. చికిత్స తరువాత రోగి రక్తపు గ్రూపు క్రమంగా దాత గ్రూపుగా మారిపోతుంది. ఇక్కడ కలవవలసినది హెచ్.ఎల్.ఎ. అనే గుర్తు. దాదాపు ప్రతి కణం మీద ఉండే ఈ గుర్తులను చూసి శరీరం తన కణమేదో, పరాయి కణమేదో పోల్చుకుంటుంది. 1958లో ఇటువంటి గుర్తును తొలిసారిగా కనుగొన్న ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్ దోసేకు 1980 నోబెల్ బహుమతిలో భాగం లభించింది. గుర్తులు కలవకపోతే ఎక్కించిన కణాలను రోగి శరీరం తిరస్కరించవచ్చు. అంతకన్న ప్రమాదకరంగా, ఎక్కించిన కణాలే రోగి చర్మం, కాలేయం, పేగుల మీద దాడికి దిగవచ్చు.

ఈ గుర్తులను నిర్ణయించే జన్యువులు ఆరవ క్రోమోజోము మీద ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. అందువల్ల అవి తాళంచెవుల గుత్తి వలె అన్నీ కలిసే వారసత్వంగా వస్తాయి. ప్రతి మనిషికీ రెండు గుత్తులుంటాయి. తండ్రి నుండి ఒకటి, తల్లి నుండి ఒకటి. వైద్యులు సాధారణంగా అయిదు ముఖ్య జన్యువులను, అంటే రెండు గుత్తులలో కలిపి పది గుర్తులను, పోల్చి చూస్తారు. పదికి పది కలిస్తే పూర్తి సరిపోలిక.

తండ్రి వద్ద రెండు గుత్తులు, తల్లి వద్ద రెండు గుత్తులు ఉన్నందున పిల్లలలో నాలుగు రకాల కలయికలు ఏర్పడతాయి. కనుక ఒక తోబుట్టువు పూర్తిగా సరిపోలే అవకాశం నాలుగింట ఒక వంతు మాత్రమే. ఒకే తోబుట్టువు ఉన్న రోగికి ఆ అవకాశం 25 శాతం. ఇద్దరుంటే 44 శాతం. వెనుకటి పెద్ద కుటుంబాలలో వలె అయిదుగురు ఉంటే 76 శాతం. ఇద్దరు బిడ్డలతోనో, ఒక్క బిడ్డతోనో సరిపెట్టుకుంటున్న నేటి ఇళ్ళలో సొంతవారి నుండి దాత దొరకని రోగులే ఎక్కువ. తల్లిదండ్రులతో పోలిక సహజంగా సగమే ఉంటుంది.

మేనరికాలు, అక్క కూతురిని చేసుకునే సంబంధాలు ఉన్న కుటుంబాలలో ఒక విశేషం ఉన్నది. ఒకే పూర్వీకుని గుత్తి అటునుండీ ఇటునుండీ వచ్చే వీలున్నందున, మేనమామ, మేనత్త, పినతల్లి, పెదతల్లి పిల్లలలోనూ, ఒక్కోసారి తల్లిదండ్రులలోనూ పూర్తి సరిపోలిక దొరకవచ్చు. అందుకే దక్షిణాది ఆసుపత్రులలో వైద్యులు రోగి వంశవృక్షాన్ని రెండు మూడు తరాల వరకు అడుగుతారు. ఆ వివరాలు దాచకుండా చెప్పడం కుటుంబానికే మేలు. తలసీమియా వంటి వంశపారంపర్య వ్యాధులకు దగ్గరి పెళ్ళిళ్ళు కారణమయ్యే మాట నిజమే. అదే చుట్టరికం చికిత్స వేళ దాతను చూపించడం కూడా ఉన్నది.

మనవారిలోనే ఎందుకు వెతకాలి?

కుటుంబంలో దాత లేనప్పుడు రిజిస్ట్రీని ఆశ్రయించాలి. స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన వారి హెచ్.ఎల్.ఎ. వివరాలను ముందే పరీక్షించి భద్రపరచే పట్టికకే రిజిస్ట్రీ అని పేరు. ప్రపంచవ్యాప్తంగా ఇటువంటి పట్టికలలో నేడు 4 కోట్లకు పైగా దాతలున్నారు. అన్ని దేశాల పట్టికలనూ ఒకేసారి వెతికే ఏర్పాటు కూడా ఉన్నది. అంతమంది ఉండగా మనకు కొరత ఎందుకన్న సందేహం రావడం సహజం.

జవాబు చరిత్రలో ఉన్నది. హెచ్.ఎల్.ఎ. గుర్తులలో వేలాది రకాలున్నాయి. ఏ రకాలు ఏ రకాలతో కలిసి గుత్తిగా వస్తాయన్నది ఆయా జనసమూహాల పూర్వీకులను బట్టి ఉంటుంది. జర్మనీలో సర్వసాధారణమైన గుత్తి కడప జిల్లాలో ఎవరి వద్దా లేకపోవచ్చు. మన దేశంలో సంగతి ఇంకొంత జటిలం. ఇక్కడ వేల ఏళ్ళుగా పెళ్ళిళ్ళు కులంలోనే, అందులోనూ శాఖలోనే జరుగుతూ వచ్చాయి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్, అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ రైక్‌తో కలిసి 2009లో ప్రచురించిన పరిశోధన ఈ విషయాన్ని జన్యువుల సాక్ష్యంతో నిరూపించింది. ఆ పరిశోధనలో ప్రముఖంగా కనిపించిన ఉదాహరణ తెలుగునాటి వైశ్యులది. లక్షల సంఖ్యలో ఉన్న ఈ సమాజం రెండు మూడు వేల ఏళ్ళ క్రితపు కొద్దిమంది పూర్వీకుల నుండి విస్తరించిందనీ, నాటి నుండి బయటి సంబంధాలు దాదాపు లేవనీ తేలింది. 2017లో ఇదే బృందం మరింత విస్తారంగా పరిశీలించినప్పుడు, దక్షిణాసియాలోని 263 సమూహాలలో 81 సమూహాలకు ఇటువంటి గతమే ఉన్నట్లు వెల్లడయింది.

ఇందులో ఎక్కువ తక్కువల ప్రసక్తి లేదు. ఇది కేవలం లెక్కల మాట. పక్కపక్క వీధులలో నివసించే రెండు సమాజాలు ఒకే భాష మాట్లాడుతూ, ఒకే గుడికి వెళుతూ, ఒకే కూర వండుకుంటూ ఉన్నా జన్యువుల విషయంలో దూరంగా ఉండవచ్చు. కోట్ల జనాభా గల దేశమని గర్వించే మనం మూలుగ విషయంలో వేలాది చిన్న చిన్న సమూహాల సముదాయం. ఒక సమూహం నుండి పట్టికలో పేర్లు లేకపోతే ఆ సమూహపు రోగికి, మిగిలిన పట్టిక ఎంత పెద్దదైనా, దాత దొరికే అవకాశం తగ్గిపోతుంది. వేరే సమాజం నుండి దాత దొరికిన సందర్భాలు లేకపోలేదు. అయితే వాటి మీద ఆశ పెట్టుకుని కూర్చోవడానికి రోగికి వ్యవధి ఉండదు.

సరిహద్దు ప్రాంతం వారికి ఇందులో మరొక కోణం ఉన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 42 లక్షల మంది, అంటే రాష్ట్ర జనాభాలో దాదాపు 6 శాతం. వారిలో చాలామంది పూర్వీకులు విజయనగర, నాయకరాజుల కాలంలో తరలి వెళ్ళినవారు. 1960లో సరిహద్దులు మారి తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది గాని అక్కడివారి చుట్టరికాలు మారలేదు. కనుక చిత్తూరు రోగికి సరిపోలే మనిషి కోయంబత్తూరులోనో, హోసూరులోనో, చెన్నై జార్జ్‌టౌన్‌లోనో ఉండవచ్చు. అక్కడి తెలుగువాడికి సరిపోలే మనిషి పలమనేరులోనో, గూడూరులోనో ఉండవచ్చు. తమిళనాడులో భాషాపరంగా అల్పసంఖ్యాకులైన తెలుగువారు పట్టికలో చేరడం ఇరువైపుల రోగులకూ అవసరమే. యానాదులు, ఇరుళర్ల వంటి చిన్న సమూహాల సంగతి చెప్పనక్కరలేదు. వారిలో నమోదు కాగలవారే కొద్దిమంది. మన దేశంలో సికిల్ సెల్ లక్షణాన్ని తొలిసారి 1952లో గుర్తించినది నీలగిరి కొండల గిరిజనులలోనే కావడం గమనార్హం.

ఇతర దేశాల అనుభవం

ప్రపంచంలో తొలి దాతల పట్టిక ఒక తల్లి ఆవేదన నుండి పుట్టింది. అరుదైన రోగనిరోధక లోపంతో జన్మించిన తన కుమారుడు ఆంథోనీ నోలన్ కోసం షర్లీ నోలన్ 1974లో లండన్‌లో దీనిని ప్రారంభించారు. దాత దొరకక ఆ బాలుడు 1979లో మరణించాడు. ఆ పట్టిక మాత్రం నిలిచి, వేలమందికి ప్రాణభిక్ష పెట్టింది.

పట్టిక పెరిగినా అందరికీ సమానంగా అందలేదు. 1990లలో బ్రిటన్‌లోని నల్లజాతి బాలుడు డేనియల్ డి-గేల్‌కు రక్త క్యాన్సర్ సోకినప్పుడు ఆ దేశపు పట్టికలో నల్లజాతి దాతలు కేవలం కొన్ని వందలమంది. అతని తల్లి బెవర్లీ డి-గేల్, ఆమె సహచరుడు ఓరిన్ లూయిస్ 1996లో ఒక సంస్థను స్థాపించి, చర్చిలకు, సంతలకు, ఉత్సవాలకు వెళ్ళి తమవారిని ఒప్పించి నమోదు చేయించారు. 1999లో అమెరికాలోని ఒక మహిళ నుండి డేనియల్‌కు సరిపోలే మూలుగ లభించింది.

అమెరికాలోని భారతీయులకూ ఇటువంటి పరీక్ష ఎదురైంది. సమీర్ భాటియా, వినయ్ చక్రవర్తి అనే ఇద్దరు యువకులు రక్త క్యాన్సర్ బారిన పడ్డారు. వారి మిత్రులు దేవాలయాలలో, విశ్వవిద్యాలయాలలో, ఉద్యోగ కార్యాలయాలలో శిబిరాలు పెట్టి, పదకొండు వారాలలో 24 వేలకు పైగా దక్షిణాసియా వారిని దాతలుగా చేర్చారు. ఇద్దరికీ దాతలు దొరికారు, మార్పిడి జరిగింది. అయితే వ్యాధి తిరగబెట్టి ఇద్దరూ 2008లో కన్నుమూశారు. వారి పేరున నమోదైన దాతలు ఆ తరువాత ఇతర రోగులకు పనికివచ్చారు. రోగం వచ్చిన తరువాత పట్టిక నింపడం కన్న, రోగం రాకముందే నింపి ఉంచడం మేలని ఆ ఉదంతం చాటింది.

2014లో అమెరికా రిజిస్ట్రీ ప్రచురించిన అధ్యయనం ఈ తారతమ్యాన్ని అంకెలలో చూపింది. పూర్తిగా సరిపోలి, అందుబాటులో ఉండే దాత దొరికే అవకాశం ఐరోపా సంతతి వారికి 75 శాతం, దక్షిణాసియా సంతతి వారికి 33 శాతం, ఆఫ్రికన్ అమెరికన్లకు 19 శాతం అని అది తేల్చింది.

చెన్నైలో సాగిన కృషి

మన దేశంలో దాతల పట్టికలు 1990లలోనే చిన్న ఎత్తున ఆరంభమైనా, విస్తృతంగా నమోదు చేసే ప్రయత్నానికి చెన్నై కేంద్రమయింది. 2009లో ఇక్కడ దాత్రి అనే సంస్థ ఏర్పడింది. అమెరికాలో హెచ్.ఎల్.ఎ. పరీక్షాలయాన్ని నడుపుతున్న నెజిహ్ సెరెబ్, సూ యంగ్ యాంగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, రఘు రాజగోపాల్ కలిసి దీనిని స్థాపించారు. కళాశాలలు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు వేదికలుగా శిబిరాలు నిర్వహిస్తూ సాగిన ఈ సంస్థ పట్టికలో నేడు 5 లక్షలకు పైగా దాతలున్నారు. చెన్నైలోనే రక్తనిధిగా మొదలైన జీవన్ సంస్థ బొడ్డుతాడు రక్తాన్ని ప్రజలందరి కోసం భద్రపరచే పనిని, దాతల నమోదును చేపట్టింది. 2019 నుండి బెంగళూరు కేంద్రంగా జర్మనీకి చెందిన డి.కె.ఎం.ఎస్. భాగస్వామ్యంతో మరొక పట్టిక నడుస్తున్నది.

ఈ కృషి మెచ్చదగినదే అయినా అవసరంతో పోల్చితే స్వల్పం. సుమారు ఎనిమిదిన్నర కోట్ల జనాభా గల జర్మనీలో నమోదైన దాతలు దరిదాపు ఒక కోటి మంది. 140 కోట్ల మన దేశంలో అన్ని పట్టికలను కలిపినా వెయ్యిమందికి ఒక్కరు కూడా లేరు. నమోదు ఉచితం కాబట్టి ఖర్చు లేదనుకోరాదు. ప్రతి నమూనాను పరీక్షించడానికి వేల రూపాయలు అవుతుంది. దానిని సంస్థలు విరాళాలతో భరించవలసి వస్తున్నది.

శిబిరాలు ఎక్కడ జరుగుతాయన్నది కూడా ఆలోచించదగిన విషయం. పాత మహాబలిపురం రోడ్డులోని కంపెనీలలో, నగర శివార్ల ఇంజనీరింగు కళాశాలలలో మన జిల్లాల యువతీయువకులు వేలసంఖ్యలో ఉన్నారు. వారు పట్టికలో చేరగలుగుతున్నారు. పల్లెలలో ఉన్న వారి అన్నదమ్ములకు, చేనేత, చేతివృత్తుల వారికి, గిరిజన కాలనీల వారికి ఈ మాటే చేరలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. దాతలు ముందుకు రాలేదని నిందించే ముందు వారి భాషలో, వారి ఊరిలో, వారికి నమ్మకమున్న పెద్దల నోట ఈ విషయం చెప్పించవలసి ఉన్నది. కుల సంఘాల కల్యాణ మండపాలు, తిరునాళ్ళు, చెన్నైలోని తెలుగు సంఘాల ఉగాది వేడుకలు ఇందుకు అనువైన వేదికలు.

దానం జరిగే విధానం

నమోదుకు పట్టే సమయం పది నిమిషాలు. దాత్రి పట్టికలో 18 నుండి 50 ఏళ్ళ మధ్య ఆరోగ్యవంతులు చేరవచ్చు. వయసు తక్కువగా ఉన్న దాత కణాలు రోగికి మెరుగైన ఫలితాన్నిస్తాయి గనుక యువతకు ప్రాధాన్యం ఉంటుంది. ఒక పత్రం నింపి సంతకం చేసిన తరువాత, దూది చుట్టిన పుల్లతో బుగ్గ లోపలి వైపు కొద్దిసేపు రుద్ది నమూనా తీసుకుంటారు. సూది లేదు, రక్తం లేదు. ఆపైన చాలామందికి ఏళ్ళ తరబడి ఏ పిలుపూ రాదు. జీవితమంతా రాకపోవచ్చు కూడా.

ఎవరైనా రోగితో సరిపోలిక కనిపిస్తే రిజిస్ట్రీ నుండి ఫోను వస్తుంది. మరొకసారి రక్తం తీసి సరిపోలికను నిర్ధారిస్తారు. దాతకు పూర్తి ఆరోగ్య పరీక్ష చేస్తారు. అన్నీ సవ్యంగా ఉంటే దానం రెండు విధాలలో ఒక విధంగా జరుగుతుంది.

నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నది రక్తం నుండి మూలకణాలను సేకరించే పద్ధతి. దానానికి ముందు నాలుగైదు రోజుల పాటు దాతకు జి-సి.ఎస్.ఎఫ్. అనే ఇంజక్షన్ ఇస్తారు. దాని ప్రభావంతో మూలకణాలు మూలుగ నుండి రక్తంలోకి వస్తాయి. ఆ రోజులలో ఒళ్ళునొప్పులు, తలనొప్పి, జ్వరం వచ్చినట్లు ఉండడం మామూలే. దానం రోజున ఒక చేతి నుండి రక్తం యంత్రంలోకి వెళ్ళి, మూలకణాలు వేరుపడి, మిగిలిన రక్తం మరొక చేతి ద్వారా తిరిగి వస్తుంది. ప్లేట్‌లెట్లు ఇచ్చిన వారికి ఈ పద్ధతి పరిచితమే. దీనికి మూడు నుండి అయిదు గంటలు పడుతుంది. కొందరు మరునాడు కూడా ఇవ్వవలసి రావచ్చు.

రెండవది మత్తు ఇచ్చి తుంటి ఎముక వెనుక భాగం నుండి సూదితో మూలుగను తీసే పద్ధతి. దీనికి ఒకటి రెండు రోజులు ఆసుపత్రిలో ఉండాలి. నడుము దగ్గర కొన్నాళ్ళు నొప్పి ఉంటుంది. ఏ పద్ధతిలోనైనా ఇచ్చిన కణాలు కొద్ది వారాలలో తిరిగి తయారవుతాయి.

సేకరించిన కణాలను చల్లని పెట్టెలో ఉంచి ఒక మనిషి స్వయంగా చేతపట్టుకుని రోగి ఉన్న ఆసుపత్రికి తీసుకువెళతాడు. విమానాశ్రయంలో ఆ పెట్టెను ఎక్స్-రే యంత్రంలో పెట్టనీయరు. సాధారణంగా 72 గంటలలోపు అది రోగికి చేరాలి. దాతకు డబ్బు ముట్టదు. అతని పరీక్షలకు, ప్రయాణానికి అయ్యే ఖర్చు అతని మీద పడదు. కనీసం ఒక సంవత్సరం వరకు దాత ఎవరో రోగికి, రోగి ఎవరో దాతకు తెలియనీయరు.

మాట ఇచ్చిన తరువాత

పట్టికలో పేరుండడం ఒక ఎత్తు, పిలిచినప్పుడు రావడం మరొక ఎత్తు. మన దేశపు పట్టికలు ఎదుర్కొంటున్న పెద్ద సమస్య ఇదే. కళాశాలలో స్నేహితులతో కలిసి ఉత్సాహంగా నమోదైన యువకుడికి మూడేళ్ళ తరువాత ఫోను వస్తుంది. అప్పటికి అతని చిరునామా, ఫోను నంబరు మారి ఉండవచ్చు. దొరికినా ఇంట్లో తల్లిదండ్రులు వద్దంటారు. వెన్నెముకకు సూది గుచ్చుతారనీ, కాళ్ళు పడిపోతాయనీ, పిల్లలు పుట్టరనీ భయపడతారు. అమ్మాయి అయితే పెళ్ళి సంబంధాలకు అడ్డమని సందేహిస్తారు. పెళ్ళయినదైతే అత్తవారి అనుమతి కావాలంటారు.

ఈ భయాలకు ఆధారం లేదు. మూలుగ తీసేది తుంటి ఎముక నుండే గాని వెన్నెముక నుండి కాదు. సంతానానికి, శ్రమ చేసే శక్తికి దీనివల్ల లోపం రాదు. మత్తు ఇచ్చే పద్ధతిలో ఏ చిన్న శస్త్రచికిత్సకైనా ఉండే అపాయం ఉంటుంది. దానిని వైద్యులు ముందుగానే వివరిస్తారు. సందేహం ఉన్న దాతను బలవంతం చేయరు. దాత ఎప్పుడైనా వెనుకకు తగ్గవచ్చును. ఆ హక్కు అతనిదే.

అయితే ఒక ఘట్టం దాటిన తరువాత ఆ హక్కుకు రెండో వైపు ప్రాణం ఉంటుంది. మార్పిడికి వారం పది రోజుల ముందు రోగికి తీవ్రమైన మందులిచ్చి అతని మూలుగను పూర్తిగా నిర్మూలిస్తారు. ఆ దశలో దాత రానంటే రోగికి తన మూలుగ ఉండదు, ఇతరుల మూలుగ అందదు. బతికే దారి దాదాపు మూసుకుపోతుంది. కనుక కాదనవలసినవారు మొదటి ఫోనులోనే కాదనడం ధర్మం. అంతకన్న మంచిది, నమోదు చేసుకునే నాడే ఇంట్లో అందరితో మాట్లాడి, వారికి ఈ విషయాలు వివరించి, ఒప్పించిన తరువాతనే దూది పుల్లను నోట పెట్టుకోవడం. చిరునామా మారినప్పుడు రిజిస్ట్రీకి తెలియజేయడం కూడా దానంలో భాగమే. నమోదు లెక్కను పెంచాలన్న తొందరలో వివరణను తగ్గించే శిబిరం రోగికి మేలు చేయదు. వేయి పేర్ల కన్న మాట మీద నిలిచే వందమంది మేలు.

ఇతర మార్గాలు

పూర్తి సరిపోలిక దొరకని వారికి ఇటీవలి కాలంలో సగం సరిపోలిన దాత నుండి మార్పిడి చేసే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు అభివృద్ధి చేసిన విధానం ప్రకారం, మార్పిడి జరిగిన కొద్ది రోజులకు సైక్లోఫాస్ఫమైడ్ అనే మందును ఇచ్చి, దాడి చేసే కణాలను అణచివేస్తారు. తల్లి, తండ్రి, బిడ్డ ఎవరైనా దాత కాగలగడం ఇందులోని సౌలభ్యం. చెన్నై, వేలూరు ఆసుపత్రులలోనూ ఇది జరుగుతున్నది. ఇది గొప్ప ఊరటే. అయినా ప్రతి వ్యాధికీ, ప్రతి రోగికీ తగినది కాదు. తల్లిదండ్రులు లేనివారు, ఉన్నా వ్యాధిగ్రస్తులైనవారు ఉంటారు. కనుక దాతల పట్టిక అవసరం తీరిపోలేదు.

బొడ్డుతాడు రక్తంలోనూ మూలకణాలుంటాయి. అందరికీ ఉపయోగపడేలా దానిని దానం చేయడం వేరు, తమ బిడ్డకే దాచుకోవడానికి ప్రైవేటు సంస్థకు రుసుము చెల్లించడం వేరు. భవిష్యత్తులో తమకే పనికివస్తుందని బొడ్డుతాడు రక్తాన్ని దాచుకోవడానికి శాస్త్రీయమైన ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలలో స్పష్టం చేసింది. తలసీమియా వంటి వ్యాధులలో బిడ్డ సొంత కణాలలోనూ అదే లోపం ఉంటుంది గనుక అవి పనికిరావు. ప్రకటనలు చూసి అప్పు చేసే తల్లిదండ్రులు ఈ సంగతి గ్రహించాలి.

మన దేశంలో ఏటా పదివేలకు పైగా పిల్లలు తలసీమియాతో పుడుతున్నారని అంచనా. అటువంటి పిల్లలకు కుటుంబంలో సరిపోలే దాత ఉంటే, కోల్ ఇండియా సంస్థ ఆర్థిక సహకారంతో 2017లో మొదలైన తలసీమియా బాల సేవా యోజన కింద 10 లక్షల రూపాయల వరకు సహాయం లభిస్తుంది. వేలూరు సి.ఎం.సి. ఈ పథకంలో ఉన్న ఆసుపత్రులలో ఒకటి. కుటుంబంలో దాత లేని బిడ్డకు మాత్రం ముందుగా ఒక అపరిచితుడు దొరకాలి.

ఆ అపరిచితుడు పూర్తిగా పరాయివాడు కాడన్నదే ఈ శాస్త్రం చెబుతున్న విషయం. ఏ ఇరవై తరాల క్రితమో ఒకే ఇంటి నుండి విడిపోయిన రెండు కుటుంబాలవారు ఒకరు సరిహద్దుకు ఇవతల, ఒకరు అవతల నేడు ఉండవచ్చు. ఇంటిపేర్లు మారి ఉండవచ్చు. ఒకరు తెలుగు, మరొకరు తమిళం చదువుకుని ఉండవచ్చు. పెళ్ళి పత్రికలు ఇచ్చుకునే చుట్టరికం ఏనాడో తెగిపోయినా కణాల మీది గుర్తులలో అది మిగిలి ఉన్నది. దానిని వెతికి పట్టుకోవడానికి దాతల పట్టిక తప్ప మరో సాధనం లేదు. చెన్నైలో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న మన జిల్లాల యువత తమ కళాశాలలో, కార్యాలయంలో శిబిరం జరిగిననాడు పది నిమిషాలు కేటాయించి, ఆ ముందు రోజే ఇంటికి ఫోను చేసి అమ్మానాన్నలతో ఈ విషయం మాట్లాడితే, వేలూరు వరండాలో ఎదురుచూస్తున్న ఏదో ఒక కుటుంబానికి ఆశ మొదలయినట్లే.